క్లిప్పుల డబ్బా

ఆదివారం పొద్దున టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టకముందే సబ్బమ్మ తన కొడుకు మాస్కు తీసి, దాని బుగ్గలకు ఉన్న రెండు బిళ్ళల్నీ విప్పి గోరువెచ్చటి నీళ్ళలో వేసింది.

అరచేయంత గుండ్రటి బిళ్ళలు అవి. దూదిని అదిమి చేసినట్టు ఉంటాయి. కొత్తప్పుడు గులాబీ రంగు, వారం తిరిగేసరికి బొగ్గు రంగు. కొడుకు వెల్డర్. పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లోకి, మనిషి పట్టేంత రంధ్రంలోంచి దిగి లోపలివైపు అతుకులు వేస్తాడు. ఆ పొగంతా ఈ బిళ్ళల్లో చేరుతుందని ఆమెకు తెలుసు. అందుకే వాటిని బట్టలతో కలపదు. సబ్బు నురగలో మెల్లగా అదుముతుంది, పిండదు. మూడు నీళ్ళు మార్చి, బాల్కనీలో ఎండ తగిలే మూలకు వెళ్ళి, ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు పెట్టి ఆరేస్తుంది. మొగుడి చొక్కాలకు కూడా ఒక్కో క్లిప్పే.

సబ్బమ్మకు అసలు పేరు ఇంకోటి ఉంది. బిల్డింగులో అది ఎవరికీ గుర్తులేదు. తలుపు గొళ్ళేన్ని, కరెంటు స్విచ్చుల్ని, ఆఖరికి సబ్బు పెట్టెను కూడా సబ్బుతో తోమే మనిషని మొగుడు పెట్టిన పేరు అది. అలా నిలిచిపోయింది.

ఆ మొగుణ్ణి అందరూ మేస్త్రీ అంటారు. ఇరవై ఏడేళ్ళు అవే ట్యాంకుల్లో అతుకులు వేశాడు. ఆయన వేసిన అతుకు, వాళ్ళ మాటలో సీము, ఒక్కటి కూడా ఎక్స్‌రే పరీక్షలో తప్పి తిరిగి రాలేదని ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగేళ్ళుగా మాత్రం బాల్కనీలో కుర్చీయే ఆయన లోకం. పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి రాత్రి నిద్ర కూడా అందులోనే. నెలకోసారి ఆసుపత్రికి మూడంతస్తులు దిగుతాడు. ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా మెట్టు మీద కూర్చుంటాడు. మొదటిసారి చూపించినప్పుడు "రోజుకు ఎన్ని సిగరెట్లు?" అని అడిగిన డాక్టరుతో సబ్బమ్మ పోట్లాట పెట్టుకుంది. ఈయన జన్మలో సిగరెట్టు ముట్టలేదు.

"ఏమండీ, టీ."

మేస్త్రీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సబ్బు వాసనొస్తోందే."

"కప్పు కడిగాను మరి."

"కప్పేనా, టీ కూడా కడిగావా?"

"ఈసారి మిమ్మల్ని కడిగేస్తాను, అప్పుడు తెలుస్తుంది," అంది సబ్బమ్మ. ఆయన నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆమె వీపు రాస్తూ నిలబడింది. ఆ దగ్గు ఎంతసేపుంటుందో ఆమె చేతికి తెలుసు.

కోడలు జడ వేసుకుంటూ బాల్కనీలోకి వచ్చింది. ఆమెదీ అదే ఫ్యాక్టరీ. మొన్నటిదాకా ప్యాకింగులో ఉండేది. నెలన్నర కిందట స్టోరు కిటికీకి మార్చారు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కులు అన్నీ ఆ కిటికీలోంచి ఆమె చేతి మీదుగా వెళ్ళాలి. పాతది ఇస్తేనే కొత్తది.

ఇన్ని ఆదివారాలూ పట్టించుకోని తీగ వైపు ఆ పిల్ల ఇవాళ చూసి జడ వదిలేసింది.

"అత్తయ్యా, ఆ మూల ఆరేసినవి ఏంటి?"

"నీ మొగుడివే. ఊళ్ళోవాళ్ళవి నేనెందుకు ఉతుకుతాను?"

"వాటిని ఉతుకుతున్నారా?"

"ఉతక్క? ఆ మసితోనే ముక్కుకు తగిలించుకోమంటావా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆ ప్రశ్న సబ్బమ్మకు పొగడ్తలా వినిపించింది. "మీ మావయ్యవి పదహారేళ్ళు. వీడివి ఆరేళ్ళు. మధ్యలో ఓ రెండేళ్ళు ఇద్దరివీ. ఒక్క ఆదివారం తప్పలేదు. నాకు కడుపులో ఆపరేషనైన వారం కూడా పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి, ఎలా అదమాలో చెప్పి మరీ ఉతికించాను."

కోడలు లోపలికి వెళ్ళి సంచీలోంచి ఒక ప్యాకెట్టు తెచ్చింది. కొత్త బిళ్ళలు, గులాబీ రంగువి.

"నిన్న స్టోరులో చూస్తే ఈయన పేరు మీద ఏడు నెలలుగా ఒక్క జత కూడా వెళ్ళలేదు. మిగతావాళ్ళు పది రోజులకోసారి వస్తారు. ఈయన మాస్కు పెట్టుకోవట్లేదేమో, ఇంటికెళ్ళి నిలదీద్దాం అనుకున్నాను. ఇదీ సంగతన్నమాట." ఆమె గొంతు తగ్గించింది. "అత్తయ్యా, ఇవి ఉతికేవి కావు. మసి పట్టాక పారేసేవి."

"పారేయడమంటే మీకు సరదా. మంచి వస్తువు, చెక్కు చెదరలేదు. చూడు ఎలా తెల్లగా వచ్చిందో."

"పైకి తెల్లగానే ఉంటుంది. లోపల కంటికి కనపడని పొగను పట్టుకునే గుణం ఒకటి ఉంటుంది. నీళ్ళు తగిలితే అది పోతుంది. ఆ తర్వాత ఉత్త దూది."

ఇంతలో కొడుకు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఆదివారమే అయినా పన్నెండింటికి రమ్మని కబురొచ్చింది. ఒక ట్యాంకు రేపు పొద్దున లారీ ఎక్కాలి, ఇంకా లోపలి సీము రెండు వరసలు మిగిలింది.

"పొద్దున్నే ఏంటి పంచాయితీ?"

"నువ్వే చెప్పు. ఈ బిళ్ళల్ని అత్తయ్య ఉతుకుతారని నాకెందుకు చెప్పలేదు?" మొగుణ్ణి కోడలు నువ్వు అనడం మీద సబ్బమ్మ మొదట్లో గొణిగేది. తర్వాత అలవాటైపోయింది.

"చెప్పడానికేముంది? అమ్మ ఉతికినవి పెట్టుకుంటే ఊపిరి ఎంత హాయిగా ఆడుతుందో తెలుసా? కొత్తవైతే ముక్కు బిగబట్టినట్టుంటుంది."

"హాయిగా ఆడుతోందంటే గాలికి అడ్డం లేదని అర్థం. గాలికి లేని అడ్డం పొగకు ఉంటుందా?"

కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని ఊరుకున్నాడు. సబ్బమ్మ ఊరుకోలేదు.

"నిన్నగాక మొన్న కిటికీ వెనకాల కుర్చీ ఇచ్చారు, అప్పుడే డాక్టరువైపోయావా? ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్నాను. ఈ చేతులు అరిగిపోయాయి. నాకు చెప్పొచ్చావా ఎలా చూసుకోవాలో?"

"మిమ్మల్ని అనట్లేదత్తయ్యా. ఈయనకు వారం వారం ఎందుకు జ్వరం వస్తోందో తెలియక ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాం. సోమవారం సాయంత్రం వణుకు, నోట్లో ఇనుము రుచి, మంగళవారానికి మాయం. మరి మావయ్యకీ పదహారేళ్ళు ఇలాగే…"

అక్కడ ఆగిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెప్పు. ఆగావేం?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే ఎందుకు ఆగావు? మీ మావయ్యను ఇలా చేసింది నేనే అంటావు. అంతేనా?"

"నేనలా అన్లేదు."

"అన్లేదు. అనేదాకా వచ్చావు."

"సంతోషమా?" అన్నాడు కొడుకు పెళ్ళాంతో. "అమ్మ ఏడిస్తే నీకు మనసు చల్లబడుతుందా? నాన్న పద్ధతే నా పద్ధతి. నాన్న సీము ఒక్కటి తిరిగి రాలేదు, నాదీ రాదు. పన్నెండింటికి వెళ్తున్నాను, ఆ తడివి ఆరితే అవే పెట్టుకెళ్తాను."

"అయితే నీ పిల్లలకు నువ్వూ కుర్చీలోంచే చెప్పుకో నీ సీముల గొప్ప," అని కోడలు ప్యాకెట్టును బల్ల మీద విసిరినట్టు పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. కొడుకు చెప్పులేసుకుని, స్కూటరు తుడవాలంటూ కిందికి దిగాడు.

బాల్కనీ కుర్చీలోంచి ఒక్క దగ్గు కూడా రాలేదు. అంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టున్నాడు.

సబ్బమ్మ బల్ల ముందు కూర్చుంది.

ఆమెకు చదువొచ్చి రెండేళ్ళయింది. కింది అంతస్తులో రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నాలు నలుగురైదుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేది. మొదట సిగ్గుపడింది. తర్వాత దొరికిందల్లా చదివేది. బస్సు బోర్డు, మందు సీసా, మెట్ల గోడ మీద పిల్లలు రాసిన బూతు కూడా చదివి, చదివాక నోరు మూసుకుని నవ్వేది.

ప్యాకెట్టు దగ్గరికి లాక్కుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరాన్నీ పట్టుకుంది.

"నీ… టి… తో… నీటితో. క… డ… గ… రా… దు."

మళ్ళీ చదివింది. వేగంగా చదివినా అదే ఉంది. దాని కింద చిన్న బొమ్మ. గిన్నె, గిన్నెలో చెయ్యి, మీద ఏటవాలుగా ఒక గీత.

ఆ బొమ్మను ఆమె ఎరుగును.

లేచి బాల్కనీ గుమ్మం పక్కన మేకుకు వేలాడే క్లిప్పుల డబ్బాను దించింది. గట్టి ప్లాస్టిక్కు డబ్బా. మేస్త్రీకి మొదటిసారి మాస్కు ఇచ్చినప్పుడు బిళ్ళలు అందులోనే వచ్చాయి. వాటిని ఏం చెయ్యాలో ఆయన్ను అడగలేదు. డబ్బా మీద బొమ్మ చూసింది. గిన్నె ఉంది, చెయ్యి ఉంది, చేతి మీద కడ్డీలాంటిదేదో ఉంది. సబ్బుకడ్డీ అనుకుంది. ఎంత మంచివాళ్ళు, చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేలా బొమ్మేసి పెట్టారు అనుకుంది. ఆ ఆదివారమే మొదటిసారి ఉతికింది. డబ్బా బాగుందని క్లిప్పులకు ఉంచుకుంది. ఆ కాగితం నీళ్ళకు చెరిగిపోకుండా పైన టేపు కూడా అంటించింది.

క్లిప్పులన్నీ బల్ల మీద గుమ్మరించింది. టేపు పసుపెక్కింది గానీ కింద అక్షరాలు నిక్షేపంగా ఉన్నాయి.

నీటితో కడగరాదు.

ఊళ్ళో బోర్డులన్నీ చదివింది. రోజుకు నాలుగుసార్లు చెయ్యి పెట్టే ఈ డబ్బాను మాత్రం చదవలేదు. క్లిప్పుల డబ్బా మీద ఏముంటుందని చదువుతుంది?

ఖాళీ డబ్బాతో బాల్కనీలోకి వెళ్ళి మేస్త్రీ కాళ్ళ దగ్గర కూలబడింది. డబ్బా ఆయన ఒళ్ళో పెట్టింది. ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు.

"నేను దీన్ని సబ్బనుకున్నానండీ," అంది గీత మీద వేలు పెట్టి. "నేనే చేశాను. వారం వారం నా చేతులతో నేనే."

మేస్త్రీ డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. చదవలేదు. చదవాల్సిన అవసరం లేనివాడిలా పక్కన పెట్టాడు.

"లే. నేల చల్లగా ఉంది."

"ఏమండీ…"

"నాకు తెలుసే," అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"కడగకూడదని. మొదటి రోజే తెలుసు. మాస్కులిచ్చినప్పుడు చెప్పారు."

తీగ మీద బిళ్ళలు గాలికి కొద్దిగా ఊగాయి. కింద ఎవరో స్కూటరు స్టాండు వేస్తున్న చప్పుడైంది.

"తెలిసి…"

"ఎలా చెప్పను? వచ్చేసరికి నువ్వు వాటిని ఎండలో పెట్టి, పిట్ట రెట్ట వేస్తుందేమోనని పక్కనే కూర్చుని ఉన్నావు. నాకోసం ఎవరూ అలా కాపలా కూర్చోలేదు అంతకుముందు. సరే ఈ వారానికి కానీ అనుకున్నా. తర్వాతి వారం ఇంకా కష్టమైంది. ఏడాది పోయాక ఇక నోరు రాలేదు." కాసేపు గాలి తీసుకున్నాడు. "అప్పటి స్టోరువాడు కొత్తది అడిగితే ముష్టి అడిగినట్టు చూసేవాడు. అదీ ఒక సాకు దొరికింది నాకు. ఉతికినవి పెట్టుకుంటే ఊపిరి తేలిగ్గా ఉండేది. అదింకో సాకు."

సబ్బమ్మ లేచి నిలబడింది. అప్పటిదాకా గుండెల్లో ఉన్న భయం ఎటో పోయింది. ఆ జాగాలోకి వచ్చిందేమిటో ఆమెకే కొత్త. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన మీద ఆమె ఎప్పుడూ అరవలేదు.

"మీ ఊపిరి మీ ఇష్టం. నన్ను బాధ పెట్టకూడదని మింగేశారు, బాగుంది. మరి వాడివి? ఆరేళ్ళుగా మీ ముందు, ఇదే తీగ మీద, మీ కళ్ళెదురుగా వాడి బిళ్ళలు ఆరేస్తున్నాను. మీరు టీ తాగుతూ చూస్తున్నారు. కన్నకొడుకండీ! అప్పుడైనా నోరు తెరవకూడదా?"

మేస్త్రీ తల దించుకున్నాడు.

"వాడు చదువుకున్నవాడు, కొత్తవి తెచ్చుకుంటాడనుకున్నా. నువ్వు ఉతికేవి మాస్కు తుడుచుకోడానికి వాడే పాతవనుకున్నా."

"అనుకున్నారా?"

"అలా అనుకుంటే బాగుంటుందని అనుకున్నా."

"మీరు నన్ను కాపాడలేదు," అంది సబ్బమ్మ. "నన్ను తెలివితక్కువదాన్ని చేసి కూర్చోబెట్టారు. ఒక్క మాట చెప్పుంటే ఒక్క పూట ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఎన్నాళ్ళు ఏడవాలో మీరే చెప్పండి."

ఆయన ఆమె చెయ్యి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఆయన చెయ్యి గాలిలో కాసేపుండి కుర్చీ పిడి మీదికి తిరిగి వెళ్ళింది.

"ఇంకోటుంది," అన్నాడు. "ఇది నీదీ కాదు, సబ్బుదీ కాదు. నాది. వాణ్ణి పైకి పిలువు. కోడలు పిల్లనీ పిలువు."

కొడుకు, కోడలు వచ్చి చెరోవైపు నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. మేస్త్రీ కుర్చీ పిడి పట్టుకుని లేచాడు.

"పద, బాత్రూములోకి."

"ఎందుకు నాన్నా?"

"ఇంట్లో ట్యాంకంత ఇరుకైన చోటు అదొక్కటే. సబ్బమ్మా, ఆ వాషింగ్ మిషను గొట్టం ఊడదియ్యి."

ఆ పిలుపుకు సబ్బమ్మ పలకలేదు గానీ గొట్టం ఊడదీసి తెచ్చింది. మేస్త్రీ స్నానాల పీట మీద కూర్చున్నాడు. కొడుకు గోడ మూలన గొంతుకూర్చున్నాడు, చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షే వెల్డింగు రాడ్డు. అత్తాకోడళ్ళు గుమ్మంలో ఇరుక్కుని నిలబడ్డారు. ఇంకో పూట అయితే ఈ వేషానికి నలుగురూ పడిపడి నవ్వేవాళ్ళు.

"లోపలికి దిగావు. గాలి ఊదే బ్లోయర్ గొట్టం ఎక్కడుంది?"

కొడుకు తల్లి వైపు చూశాడు. "పక్కన."

"ఎంత పక్కన?"

"నువ్వే కదా నాన్నా నేర్పింది. గాలి తగిలితే అతుకును కాపాడే గ్యాసు చెదిరి అతుకులో సూదిబెజ్జాలు పడతాయి, పరీక్షలో తప్పుతుంది, అందుకని కాలితో పక్కకి తన్నెయ్యమన్నావు. సీము అయ్యేదాకా ఆపించెయ్యమన్నావు."

కోడలు గుమ్మం చెక్క గట్టిగా పట్టుకుంది. సబ్బమ్మ మొగుడి మొహం చూసింది. మచ్చలేని ఇరవై ఏడేళ్ళ సీముల గొప్ప ఏ పొగలోంచి వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నేనే నేర్పాను," అన్నాడు మేస్త్రీ. "తలుపులన్నీ మూసిన గదిలో పొయ్యి పెట్టుకుని కూర్చున్నట్టు కూర్చునేవాణ్ణి. పైన కాపలా మనిషి గొట్టం ఆన్ చెయ్యమంటావా అని అరిస్తే వద్దని అరిచేవాణ్ణి. మాస్కు మంచిదైనా ఎన్నాళ్ళు మోస్తుందిరా అంత పొగని? మాస్కు ఆఖరిది. ముందు గాలి. మీ అమ్మ ఉతికింది నిజమే. కానీ ఆ ట్యాంకులో గాలి ఆపింది నేను. మీ అమ్మ తెలియక చేసింది. నేను తెలిసే చేశాను."

దగ్గొచ్చింది. నలుగురూ అది తగ్గేదాకా ఆ ఇరుకులో అలాగే ఉన్నారు. సబ్బమ్మ చెయ్యి తనంతట తనే ఆయన వీపు మీదికి వెళ్ళింది.

"ఇటు చూడు," అన్నాడు తేరుకుని. గొట్టం కొస కొడుకు చేతి దగ్గర పెట్టాడు. "తప్పు గాలిది కాదు. మేము గొట్టం పెట్టిన తీరుది. అతుకు మీదికి ఊదే గాలి పెట్టకు, పొగను లాగే గొట్టం పెట్టు. మంటకు పక్కన, జానెడు దూరంలో. మరీ దగ్గరైతే గ్యాసునీ లాగేస్తుంది, మూర దాటితే పొగ నీ మొహానికే వస్తుంది. మంచి గాలి వేరే గొట్టంలోంచి నీ వీపు వెనక నుంచి రావాలి. మొహం పొగ మీద వేలాడెయ్యకు, పక్కకు పెట్టు. లోపల గాలి మీటరుతో చూడకుండా, పైన మనిషి లేకుండా కాలు పెట్టకు. మంట జరిగినకొద్దీ గొట్టమూ జరగాలి."

"ప్రతి జానెడుకూ ఆగి గొట్టం జరపడానికి టైమెక్కడుంది నాన్నా?"

"నాకూ లేదనే అనుకున్నానురా. ఇప్పుడు రోజంతా టైమే."

కొడుకు బ్రష్షు కింద పెట్టి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ముప్పై ఏళ్ళవాడు, ఇంత ఎత్తు మనిషి, బాత్రూము మూలన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు లోపలికి దూరడానికి చోటు లేక గుమ్మంలోంచే చెయ్యి చాచి అతని తల మీద పెట్టింది.

పదకొండున్నరకు కొడుకు ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. అవతలి గొంతు హాల్లోకి వినిపించేంత గట్టిగా ఉంది. "లాగే గొట్టం పెట్టాకే దిగుతానండీ… అది పాడై మూల పడుందని నాకూ తెలుసు, బాగు చేయించండి… లారీ ఆగితే ఆగనీయండి… ఇంకెవరినైనా దింపుతారా? వాళ్ళకీ ఇదే చెప్తాను." ఫోను పెట్టి, చెమట తుడుచుకుని, బల్ల మీది కొత్త ప్యాకెట్టు తీసి మాస్కుకు బిగించుకున్నాడు. ఊపిరి లాగి చూశాడు.

"బిగుతుగా ఉంది."

"ఉండనీ," అంది సబ్బమ్మ.

తీగ మీద ఆరినవాటిని ఆమె తీసి చెత్తబుట్టలో వేసింది. వేశాక మళ్ళీ తీసి కాగితంలో చుట్టి వేసింది.

ఆ వారమంతా ఇంట్లో మాటలు తక్కువ. సబ్బమ్మ మొగుడికి అన్నీ వేళకు అందించింది. వీపు రాసింది. మాట మాత్రం పనికి సరిపడా. ఆయన కూడా ఆమెను ఆ పేరుతో పిలవలేదు. "ఇదిగో" అనేవాడు, లేకపోతే గొంతు సవరించుకునేవాడు. లాగే గొట్టం బాగయ్యాకే కొడుకు ట్యాంకులోకి దిగాడు. సోమవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. ఏడైంది, ఎనిమిదైంది. కొడుకు నుదురు మీద చెయ్యి పెట్టడానికి సబ్బమ్మ మూడుసార్లు ఏదో వంకతో అతని పక్కకు వెళ్ళింది. చల్లగా ఉంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆయన సోమవారాలన్నీ గుర్తొచ్చాయి. బడి ఎగ్గొట్టే పిల్లాడి జ్వరం అని తను ఎగతాళి చేసిన సోమవారాలు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. సబ్బమ్మ అలవాటుగా నీళ్ళు వేడి చేసి, గిన్నెలో పోసి, దాని ముందు కూర్చుంది. అందులో వెయ్యడానికి ఏమీ లేదు.

కోడలు పక్కన చతికిలబడింది.

"అత్తయ్యా, స్టోరు కిటికీ దగ్గర వచ్చినవాళ్ళందరినీ అడిగాను. తొమ్మిదిమంది ఇళ్ళల్లో ఉతుకుతున్నారు. ఒకావిడ ఇస్త్రీ కూడా చేస్తుందట."

"ఇస్త్రీయా!" అంది సబ్బమ్మ. పెదవి దాకా వచ్చిన నవ్వు అక్కడే చెడిపోయింది. ఆ ముక్కూ మొహం తెలియని ఆవిడ వేడి పెట్టెను ఎంత జాగ్రత్తగా ఆనించి ఉంటుందో కళ్ళకు కట్టింది.

"కిటికీ మీద అంటించడానికి ఒక అట్ట రాసివ్వండి. నేను రాస్తే ఆఫీసువాళ్ళ నోటీసు అనుకుని చదవరు."

"నా రాత కోడి గీరినట్టుంటుందే."

"అందుకే చదువుతారు."

చొక్కా ప్యాకెట్టులో వచ్చిన తెల్ల అట్ట, పిల్లలు రంగులేసే లావు పెన్ను ముందు పెట్టింది. సబ్బమ్మ అట్టను బాల్కనీ నేల మీద పరిచి, మోకాళ్ళ మీద వంగి మొదలుపెట్టింది. నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరానికి ఒక్కో ఊపిరి. టీ చల్లారింది. మేస్త్రీ కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు.

ఈ బిళ్ళల్ని కడగకండి.

ఆగింది. పెన్ను మూత పెట్టబోయి మళ్ళీ తీసింది. కింద ఇంకో వరస రాసింది, ఈసారి కొంచెం చిన్నగా.

నేను కడిగాను.

కోడలు గబుక్కున మొహం పక్కకు తిప్పుకుంది.

మేస్త్రీ చెయ్యి చాచాడు. సబ్బమ్మ ఆ చెయ్యిని చూసింది. వారం నుంచి అందుకోని చెయ్యి. పెన్ను అందులో పెట్టింది. అట్టను ఎత్తి, ఆయనకు వంగే శ్రమ లేకుండా కుర్చీ పిడి మీద ఆనించి పట్టుకుంది. ఒకప్పుడు గీత గీసినట్టు సీము వేసిన చెయ్యి అది. ఇప్పుడు పెన్ను వణికింది. ఆమె ఇంకో చేత్తో ఆయన మణికట్టు కింద ఆసరా పెట్టింది. ఆయన రాయడం అయ్యేదాకా తియ్యలేదు.

తెలిసీ చెప్పలేదు నేను.

"ఇలాగే అంటించమంటారా మావయ్యా?" అంది కోడలు. "ఇది మీ రాతని అందరికీ తెలిసిపోతుంది."

"అందుకే అంటించు."

కోడలు అట్ట పట్టుకుని లోపలికి వెళ్ళింది. సబ్బమ్మ గిన్నెలో నీళ్ళు కుండీ మొక్కకు పోసింది. క్లిప్పులు వారం నుంచి బల్ల మీదే కుప్పగా పడి ఉన్నాయి. డబ్బా మాత్రం పడెయ్యలేదు, మేకుకే ఉంది, అక్షరాలు బయటికి కనపడేలా.

వెనకనుంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది. ఇదిగో అంటాడనుకుంది.

"సబ్బమ్మా," అన్నాడు మేస్త్రీ, అడగవచ్చో లేదో తెలియనివాడిలా. "టీ చల్లారిపోయిందే."

ఆమె ఖాళీ గిన్నెను కింద పెట్టింది. తర్వాత వచ్చి కప్పు తీసుకుంది.

"కడిగి తెస్తానుండండి," అంది.